కార్డు పుట్టిన ఊరు

శాన్‌హోసే నుంచి 101 రహదారి మీద దక్షిణంగా ముప్పావుగంట ప్రయాణిస్తే, కారు అద్దాలు దించకుండానే వెల్లుల్లి వాసన ముక్కుకు తగులుతుంది. అది గిల్‌రాయ్. వెల్లుల్లికి పెట్టింది పేరు. అక్కడ తూర్పుకు తిరిగి 152 రోడ్డెక్కితే పచేకో కనుమ, దాన్ని ఆనుకుని శాన్ లూయిస్ జలాశయం. కనుమ దిగాక నేల ఒక్కసారిగా పళ్లెంలా చదునైపోతుంది. బాదం తోటలు, ద్రాక్ష తోటలు, మళ్లీ బాదం తోటలు... చౌచిల్లా దగ్గర 99 రహదారి కలుస్తుంది. ఇంకో గంటలోపే ఫ్రెస్నో.

బే ఏరియాలో కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో వెళ్లిన తెలుగు అమ్మానాన్నలకు పిల్లలు గోల్డెన్ గేట్ వంతెన చూపిస్తారు. లివర్‌మోర్ శివ-విష్ణు ఆలయానికి తీసుకెళ్తారు. సెలవు దొరికితే యోసెమిటీ జలపాతాలు. ఫ్రెస్నో మాత్రం ఎవరూ చూపించరు. యోసెమిటీ దక్షిణ ద్వారానికి వెళ్లే 41 రోడ్డు ఈ ఊరి మీదుగానే పోతుంది కాబట్టి, లాస్ ఏంజిల్స్ నుంచి వచ్చేవాళ్లు పెట్రోలు కోసం ఆగుతారు. జేబులోంచి కార్డు తీస్తారు, పంపులో పెడతారు, వెళ్లిపోతారు. ఆ కార్డుకి ఇదే పుట్టినూరని వాళ్లకెవరు చెప్పాలి?

ఫ్రెస్నో అంటే స్పానిష్‌లో ఓ చెట్టు పేరు. శాన్ వాకీన్ నది పక్కన ఆ చెట్లు ఉండటంతో వచ్చిన పేరది. ఊరిని వేసింది మాత్రం సెంట్రల్ పసిఫిక్ రైలు కంపెనీ, 1872లో. వేసవిలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. మన రెంటచింతల ఎండ తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. ఆ ఎండే ఈ ఊరి ఆస్తి. ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో చుట్టుపక్కల తోటల్లో ద్రాక్ష గుత్తులు కోసి, చెట్ల వరుసల మధ్య నేలమీద కాగితాలు పరిచి ఆరబెడతారు. గుంటూరు పల్లెల్లో కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసినట్టే! పచ్చటి ద్రాక్ష అలా ఎండి ఎండి కిస్‌మిస్ అవుతుంది. పక్కనున్న సెల్మా అయితే తనను తాను ‘ప్రపంచ కిస్‌మిస్ రాజధాని’ అని చెప్పుకుంటుంది. ఈ తోటల మధ్య పంజాబీ రైతులు తరాలుగా స్థిరపడ్డారు. గురుద్వారాలూ ఉన్నాయి. రచయిత విలియం సరోయన్ పుట్టిందీ, కుర్రాడిగా టెలిగ్రాములు పంచుతూ తిరిగిందీ ఈ వీధుల్లోనే.

సరిగ్గా ఆ కిస్‌మిస్ ఆరే రోజుల్లోనే, 1958 సెప్టెంబరు 18న, ఫ్రెస్నో ఇళ్లకు ఓ వింత టపా వచ్చింది.

అడగని కార్డు

కవరు విప్పితే లోపల ఓ కార్డు. ‘బ్యాంక్‌అమెరికార్డ్’. దరఖాస్తు చేసినవాళ్లు లేరు, సంతకం పెట్టినవాళ్లు లేరు. అయినా 60 వేల మందికి వచ్చింది. దాంతో ఊళ్లో మూడొందలకు పైగా దుకాణాల్లో చేతిలో రూకలేకపోయినా సరుకు కొనుక్కోవచ్చు. మనిషిని బట్టి 300 డాలర్ల నుంచి 500 డాలర్ల దాకా అప్పు. నెలాఖరుకు మొత్తం కట్టేయొచ్చు, లేదంటే కొంచెం కొంచెం వడ్డీతో తీర్చుకోవచ్చు.

కార్డులు అంతకుముందు లేవా అంటే ఉన్నాయి. డైనర్స్ క్లబ్ 1950లోనే న్యూయార్క్‌లో మొదలైంది. కానీ అది హోటళ్లలో భోజనాలు చేసే వ్యాపారస్తుల కోసం. నెలాఖరుకు బిల్లు మొత్తం కట్టి తీరాలి. చెప్పుల దుకాణంలో, మందుల షాపులో మామూలు గృహస్థు చూపించి, తీరుబడిగా తీర్చుకునే బ్యాంకు కార్డు ఇంత పెద్దఎత్తున బయటికి రావడం ఫ్రెస్నోలోనే.

ఈ ఆలోచన బ్యాంక్ ఆఫ్ అమెరికా ఉద్యోగి జోసెఫ్ విలియమ్స్‌ది. ఆయన లెక్క తేలికే. అప్పటిదాకా ప్రతి దుకాణానికీ ఓ అరువు పద్దు ఉండేది. మన వీధి చివర కిరాణా కొట్లో నోటుపుస్తకం లాంటిదే. పెద్ద దుకాణాలకు ఆ పద్దులు రాయడానికి గుమస్తాల దండు ఉండేది. చిన్న కొట్టువాడికి అది తలకు మించిన పని. అరువివ్వకపోతే బేరం పోతుంది, ఇస్తే వసూలు కాదు. ఆ తలనొప్పి బ్యాంకు నెత్తినేసుకుంటుంది, బదులుగా అమ్మకంలో 6 శాతం దాకా తీసుకుంటుంది. అయితే అసలు చిక్కు వేరే ఉంది. కార్డు ఉన్నవాళ్లు లేకపోతే దుకాణదారు ఒప్పుకోడు. ఒప్పుకునే దుకాణాలు లేకపోతే కార్డు ఎవరూ తీసుకోరు. అందుకే ఒకేరోజు ఊరంతా కార్డులు చల్లేశారు!

మరి ఫ్రెస్నోనే ఎందుకు? ఊళ్లో దాదాపు సగం కుటుంబాలకు ఆ బ్యాంకులో ఏదో ఒక ఖాతా ఉంది. పైగా శాన్‌ఫ్రాన్సిస్కోకీ లాస్ ఏంజిల్స్‌కీ దూరంగా, లోయ మధ్యలో ఉన్న ఊరు. ప్రయోగం బెడిసికొట్టినా పదిమందికీ తెలియదు. బ్యాంకులవాళ్ల ముందుచూపు అలాంటిది.

ఆ జ్ఞాపకం వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు నగరం నడిబొడ్డున ఫుల్టన్ స్ట్రీట్, తులేరీ స్ట్రీట్ కలిసే చోటికి వెళ్లాలి. అక్కడ 1918లో కట్టిన ఎనిమిదంతస్తుల బ్యాంక్ ఆఫ్ ఇటలీ భవనం ఉంది. బ్యాంక్ ఆఫ్ అమెరికాకు 1930కి ముందున్న పేరు అదే. ఇటలీ వలసదారుల కొడుకు ఏపీ జియానినీ, పెద్ద బ్యాంకులు గుమ్మం తొక్కనివ్వని కూలీలకూ కూరగాయల వ్యాపారులకూ అప్పులివ్వడానికి 1904లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టిన బ్యాంకు అది. ఫుల్టన్ స్ట్రీట్‌దీ ఓ కథే. 1964లో కార్లను నిషేధించి నడకదారిగా మార్చారు. ఫౌంటెన్లు, శిల్పాలు పెట్టారు. కొత్త మాల్స్ ఊరి శివార్లకు పోయాక వీధి బోసిపోయింది. 2017లో మళ్లీ కార్లను రానిచ్చారు. కార్డు తొలిసారి గీకిన దుకాణాల వీధుల్లో ఇప్పుడు సాయంత్రం నడిస్తే, ఖాళీ షట్టర్లూ కొత్త కాఫీ షాపులూ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి.

ఏడాది తిరిగేసరికి కాలిఫోర్నియా అంతటా 20 లక్షల కార్డులు వెళ్లాయి. నూటికి నలుగురు ఎగ్గొడతారని విలియమ్స్ అంచనా. తీరా చూస్తే బకాయిపడ్డవాళ్లు 22 శాతం! లాస్ ఏంజిల్స్‌లో అయితే తపాలాలో వస్తున్న కార్డులను మధ్యలోనే కాజేసి వాడేసుకున్నారు. బ్యాంకు ఒప్పుకున్న నష్టమే 88 లక్షల డాలర్లు. ప్రకటనల ఖర్చూ అదీ కలిపితే దాదాపు 2 కోట్లు. 1959 చివరికి విలియమ్స్ ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు. కార్డు మాత్రం నిలబడింది. 1961 నుంచే లాభాలు మొదలయ్యాయి, పోటీదారుల కళ్లు పడతాయని బ్యాంకు ఆ సంగతి బయటపెట్టలేదు. 1966 నుంచి ఇతర రాష్ట్రాల బ్యాంకులకూ ఇచ్చిన ఆ కార్డు పేరు 1976లో మారింది. ఆ కొత్త పేరు చెబితే తెలుగువాళ్లకు ముందు చిలుకూరు బాలాజీ గుర్తొస్తాడేమో... వీసా!

ఈ కథలో జనం అంతగా చెప్పుకోని ముక్క ఒకటుంది. అడగని కార్డు ఇంటికొచ్చింది సరే, దాన్ని దారిలో ఎవడో దొంగిలించి వాడేస్తే ఆ బిల్లు ఎవరు కట్టాలి? కార్డు మీద పేరున్న పాపానికి ఆ ఇంటాయనేనా? కొన్నేళ్లపాటు అమెరికాలో ఇదో పెద్ద రగడ. చివరికి 1970లో చట్టం తెచ్చారు. అడగకుండా కార్డు పంపకూడదు. దొంగ వాడకం వల్ల కార్డుదారుపై పడే భారం 50 డాలర్లు మించకూడదు. 1974లో మరో చట్టం: బిల్లులో తప్పుంటే 60 రోజుల్లోగా బ్యాంకుకు ఉత్తరం రాస్తే చాలు, విచారణ తేలేదాకా ఆ సొమ్ము కట్టమని ఒత్తిడి చేయకూడదు. ‘ఇది నేను కొనలేదు’ అని చెప్పుకునే హక్కు కార్డుతోపాటు పుట్టలేదు. కార్డు పుట్టిన పన్నెండేళ్లకు, జనం గోల పెట్టాక పుట్టింది.

యూనివర్సిటీ అవెన్యూ, 165

వచ్చిన దారినే వెనక్కి, పచేకో కనుమ దాటి, శాన్‌హోసే మీదుగా పాలో ఆల్టో చేరితే కథ రెండో అంకం. కాల్‌ట్రెయిన్ స్టేషన్‌కు ఓ పక్క స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లే ఈతచెట్ల బారు, రెండో పక్క యూనివర్సిటీ అవెన్యూ. ఆ వీధిలో 165 నంబరు భవనం చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. నడుస్తూ నడుస్తూ దాటిపోయేంత మామూలుగా ఉంటుంది. కానీ తొలినాళ్లలో గూగుల్ అద్దెకున్నది అందులోనే. పేపాల్ పెరిగిందీ అక్కడే.

1998 చివర్లో మ్యాక్స్ లెవ్‌చిన్, పీటర్ థీల్, ల్యూక్ నోసెక్ పెట్టిన ఆ కంపెనీ అప్పటి పేరు కన్ఫినిటీ. అరచేతిలో ఇమిడే పామ్ పైలట్ యంత్రాలు రెండు ఎదురెదురుగా పట్టుకుంటే ఒకదాన్నుంచి మరోదానికి డబ్బు వెళ్లాలి, అదీ వాళ్ల తొలి ఆలోచన. 1999 జులైలో దగ్గర్లోని వుడ్‌సైడ్ ఊళ్లో, బక్స్ అనే హోటల్లో పెట్టుబడిదారులు 30 లక్షల డాలర్లు అలాగే పంపించి చూపించారు. బ్రహ్మాండంగా పేలింది. కానీ మామూలు జనానికి పామ్ పైలట్లెక్కడివి? ఊరికే పక్కన చేర్చిన రెండో సదుపాయం, అంటే మెయిల్ అడ్రసుకు డబ్బు పంపడం, దావానలంలా పాకింది. ఈబేలో పాత బొమ్మలూ నాణేలూ అమ్ముకునేవాళ్లు దాన్ని పట్టుకున్నారు. చెక్కు వచ్చేదాకా వారం పది రోజులు ఎదురుచూసే బాధ తప్పింది మరి! చేరితే పది డాలర్లు, స్నేహితుణ్ని చేరిస్తే మరో పది. అడక్కుండా కార్డు పంపిన ఫ్రెస్నో ఎత్తుగడకు ఇది తమ్ముడే. 2000లో ఎలాన్ మస్క్ కంపెనీ ఎక్స్.కామ్‌తో కన్ఫినిటీ విలీనమైంది. అదే ఏడాది సగమయ్యేసరికి ఖాతాదారులు పది లక్షలు దాటారు. 2002లో ఈబే 150 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొనేసింది.

ఫ్రెస్నోలో దొంగకు కనీసం కార్డు చేతికి దొరకాలి. ఇక్కడ నంబరు దొరికితే చాలు. దొంగిలించిన కార్డు నంబర్లతో వందల ఖాతాలు తెరిచి, ఓ ఖాతా నుంచి మరో ఖాతాకు డబ్బు తిప్పి, చివరికి ఎక్కడో నగదు చేసుకునే ముఠాలు తయారయ్యాయి. ఒక దశలో నెలకు కోటి డాలర్లకు పైగా ఇలా పోయిందని థీల్ తర్వాత తన పుస్తకంలో రాశారు. దాన్ని ఆపడానికి అక్కడి కుర్రాళ్లు కనిపెట్టినవే మనం ఇప్పుడు రోజూ విసుక్కుంటూ వాడుతున్నవి. మెలికలు తిరిగిన అక్షరాలు చూపించి ‘ఇవేమిటో టైప్ చెయ్యి’ అని అడగడం వాటిలో ఒకటి. కంప్యూటర్ ప్రోగ్రాములు ఖాతాలు తెరవకుండా పెట్టిన కంచె అది. ఇంకొకటి భారతీయుడి బుర్రలోంచి వచ్చింది. సిటీబ్యాంకులో పనిచేసి వచ్చిన సంజయ్ భార్గవ ఓ చిట్కా చెప్పారు. బ్యాంకు ఖాతా నీదేనని రుజువేమిటి? ఆ ఖాతాలో డాలరుకు లోపు రెండు చిల్లర మొత్తాలు కంపెనీయే వేస్తుంది. ఎంతెంత పడ్డాయో చూసి చెప్పగలిగితే ఖాతా నీదే. కాగితాలు లేవు, సంతకాలు లేవు, ఖర్చు డాలరో డాలరున్నరో!

అనుమానాస్పద లావాదేవీలను పట్టే ప్రోగ్రాముకు ‘ఇగోర్’ అని పేరు పెట్టారు. అది తమను బాగా ఏడిపించిన ఓ రష్యన్ మోసగాడి పేరేనట. అయితే దొంగల కోసం వేసిన వలలో దొరలూ పడ్డారు. నిన్నటిదాకా బాగున్న ఖాతా ఓ ఉదయం స్తంభించిపోయేది. డబ్బు కనిపిస్తుంది, తీసుకోవడానికి వీల్లేదు. ఎందుకో చెప్పే నాథుడు లేడు. కంపెనీ వైపు చూస్తే దానికీ ఓ కారణముంది. కార్డుతో కొన్న మనిషికి ‘నేను కొనలేదు’ అనడానికి నెలల గడువు ఉంటుంది. అప్పుడు బ్యాంకు ఆ సొమ్మును వెనక్కి లాగేస్తుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. ఆలోగా అమ్మిన మనిషి డబ్బు తీసుకుని మాయమైతే నష్టం మధ్యలో ఉన్న పేపాల్‌దే. అందుకే 180 రోజులదాకా సొమ్ము నిలిపేసే నిబంధన పెట్టుకుంది. నిజమే, కానీ ఆ సొమ్ముతో ఇంటద్దె కట్టాల్సిన చిన్న వర్తకుడికి ఆర్నెల్లంటే మాటలా?

2000లో ఫిర్యాదులు ఎంతగా వచ్చిపడ్డాయంటే పాలో ఆల్టో ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉండేవి, ఎత్తేవాళ్లు లేరు. చివరికి రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో వందలమందితో కాల్ సెంటర్ తెరవాల్సి వచ్చింది. ఖాతాలు అన్యాయంగా స్తంభింపజేశారంటూ జనం వేసిన దావాను 2004లో 92.5 లక్షల డాలర్లిచ్చి పరిష్కరించుకున్నారు. డబ్బు పంపే దారిని తెలివైన కుర్రాళ్లు నెలల్లో వేసేశారు. డబ్బు ఆగిపోయినప్పుడు ఎవరితో మాట్లాడాలన్న ప్రశ్నకు జవాబు మాత్రం కోర్టు మెట్లెక్కాకే దొరికింది.

బందరు నుంచి బే ఏరియాకి

కార్డుల కథలో మన ఊళ్లకూ చోటుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, దేశంలో క్రెడిట్ కార్డును ముందుగా తెచ్చిన బ్యాంకుల్లో ఒకటి. అది 1981 మాట. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాత కార్డులు ఇంకా ఏ బీరువా అరలోనో దాచుకున్నవాళ్లుంటారు.

కంప్యూటర్లో కార్డు నంబరు కొట్టడం మనలో చాలామందికి అలవాటు చేసింది రైలు టికెట్టు. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ సైటు మొదలైంది. అప్పట్లో డబ్బు నెట్‌లో కడితే టికెట్టు కొరియర్‌లో ఇంటికొచ్చేది! నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు కొడితే సరిపోయేది. అది చాలదని రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి మన దేశంలో నెట్ చెల్లింపులకు రెండో తనిఖీ తప్పనిసరి చేసింది. మొదట పాస్‌వర్డ్, తర్వాత ఫోనుకొచ్చే ఓటీపీ. అప్పట్లో ‘ఇదేం గోల’ అని విసుక్కున్నవాళ్లే ఎక్కువ. ఫ్రెస్నో, పాలో ఆల్టో కథలు తెలిస్తే అంత విసుగు రాకపోను.

పేపాల్‌తో మన అనుభవం వేరు. విదేశీయులకు వెబ్‌సైట్లు తయారుచేసిచ్చే హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్లకు ఒకప్పుడు అదే ఆధారం. 2010 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు అభ్యంతరాలతో మన దేశానికి వ్యక్తిగత చెల్లింపులు హఠాత్తుగా ఆగిపోయాయి. పని చేసేసి డబ్బు కోసం చూస్తున్నవాళ్లకు చేతులు విరిచేసినట్టయింది. 2017లో దేశం లోపలి చెల్లింపులూ మొదలుపెట్టిన ఆ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి వాటిని మానేసి, విదేశాల నుంచి వచ్చే సొమ్ముకే పరిమితమైంది.

ఇక ఇక్కడి కార్డు పట్టుకుని కాలిఫోర్నియా వెళ్లే అమ్మానాన్నల సంగతి. ఫ్రెస్నో పెట్రోలు బంకులో పంపు ముందుగా ‘జిప్ కోడ్’ అడుగుతుంది. కార్డుదారు చిరునామాతో సరిపోతేనే పెట్రోలు వదులుతుంది. మన పిన్‌కోడ్‌కు ఆరంకెలు, దానికి అయిదే తెలుసు. కార్డులో లోపం ఉందని కంగారుపడక్కర్లేదు, లోపలికెళ్లి కౌంటర్లో ఇంతకు పెట్రోలు అని చెప్పి కార్డిస్తే పనైపోతుంది. పోసుకున్నది నలభై డాలర్లకైతే ఫోనుకు నూరు డాలర్లకు పైగా పోయినట్టు మెసేజ్ రావచ్చు. అది ముందస్తుగా పట్టి ఉంచిన సొమ్ము. అసలు బిల్లు చేరాక మిగతాది విడుదలవుతుంది. హోటళ్లూ, అద్దె కార్ల వాళ్లూ ఇలాగే చేస్తారు. డెబిట్ కార్డయితే ఆ పట్టి ఉంచింది మన సొంత సొమ్ము. క్రెడిట్ కార్డయితే బ్యాంకుది. ప్రయాణంలో రెండోదే మేలని తెలిసినవాళ్లు చెప్పడానికి అదే కారణం. దుకాణంలో మిషను ‘రూపాయల్లోనా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లనే చెప్పాలి. రూపాయలంటే మార్పిడి రేటు వాళ్లిష్టం.

యోసెమిటీలో క్యాంపు స్థలం కావాలంటే అక్కడి ప్రభుత్వ సైటు రిక్రియేషన్.గవ్‌లో కార్డుతో ముందే కట్టాలి. అక్కడే మనవాళ్లు ఉలిక్కిపడేది. ఓటీపీ అడగదు! చాలా అమెరికా సైట్లు అంతే. మన రెండో తనిఖీ మన దేశపు చెల్లింపుల కోసం పెట్టినది. నంబరు, తేదీ, మూడంకెలు తెలిసిన ఎవరైనా అక్కడి సైట్లో మన కార్డు వాడేయొచ్చన్నమాట. అందుకే 2020లో రిజర్వ్ బ్యాంకు, కొత్త కార్డులకు విదేశీ వాడకమూ నెట్ వాడకమూ మూసి ఉంచాలని, కావాల్సినవాళ్లే తెరుచుకోవాలని చెప్పింది. బ్యాంకు యాప్‌లో ఆ మీట ఉంటుంది. వెళ్లేముందు తెరిచి, పరిమితి పెట్టుకుని, తిరిగొచ్చాక మూసేయాలి. చాలామంది మొదటిది చేస్తారు, చివరిది మరిచిపోతారు. ఇంటికొచ్చిన రెండు నెలలకు ఏ ఊరో తెలియని సైటు నుంచి డాలర్ల బిల్లు వచ్చేది అందుకే.

మూడు పనిదినాలు

అలా వస్తే? ముందు కార్డును యాప్‌లోనే నిలిపేయాలి. తర్వాత కార్డు వెనకున్న నంబరుకే ఫోన్ చేయాలి. గూగుల్‌లో ‘కస్టమర్ కేర్’ అని వెతకడమంత ప్రమాదం మరోటి లేదు. ఇలాంటి ఫోన్ మోసాలకు జార్ఖండ్‌లోని జామ్‌తారా దేశమంతటా పేరుమోసింది. పోయిన అయిదు వేలు వెనక్కి తెచ్చుకోబోయి, దొంగ ‘హెల్ప్‌లైన్’కు ఓటీపీ చెప్పి యాభై వేలు పోగొట్టుకున్న కథలు పేపర్లో తరచూ చూస్తూనే ఉన్నాం. బ్యాంకు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఫోన్లో చెప్పిందే మెయిల్లోనూ పంపాలి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెబితే సొమ్ము ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. నిమిషాలు లెక్కే అక్కడ.

2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం మన 1970 చట్టం లాంటిది. ఖాతాదారు తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి మోసం వల్ల సొమ్ము పోతే, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు పైసా భారం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మామూలు పొదుపు ఖాతా, అయిదు లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డులకు గరిష్ఠంగా పది వేల రూపాయలు. ఆపైన బ్యాంకు విధానాన్ని బట్టి. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో సొమ్ము తాత్కాలికంగానైనా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. అన్నిటికంటే విలువైన వాక్యం మరొకటి ఉంది: తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. ఓటీపీ తానే చెప్పేసినవాళ్లకు ఈ రక్షణ అంతగా ఉండదు, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం వాళ్లదే. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఇప్పుడున్న గడువు ఎంతో తమ బ్యాంకు సైట్లో చూసుకోవడం మంచిది.

దొంగతనం కాని చిక్కులూ ఉంటాయి. డబ్బు కట్ అయింది, టికెట్టు రాలేదు. ఇలా నెట్‌లో కార్డు చెల్లింపు మధ్యలో ఆగిపోతే అయిదు రోజుల్లో సొమ్ము వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున కలిపి ఇవ్వాలని 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ వంద అడగకుండానే పడాలి. వస్తువు రాకపోయినా, విరిగినది వచ్చినా అమ్మినవాడికి ముందు రాసి, వాడు పలక్కపోతే ఆ మెయిల్ జత చేసి బ్యాంకును చార్జ్‌బ్యాక్ అడగొచ్చు. బ్యాంకు 30 రోజులైనా పట్టించుకోకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఉచితం, లాయర్ అక్కర్లేదు. ఫిర్యాదు తెలుగులో రాసినా వాళ్లకు అర్థమయ్యేలా తేదీ, మొత్తం, లావాదేవీ నంబరు ఉంటే సగం పని అయినట్టే.

అమెరికా ప్రయాణంలో అసలు గండం ఇంకోచోట ఉంది. విమానం దిగగానే పిల్లలు చేసే మొదటి సాయం ఏమిటి? నాన్న ఫోన్లోంచి మన సిమ్ తీసేసి అక్కడి సిమ్ వేయడం. ఆ చిన్న సిమ్ ఓ కాగితంలో చుట్టి పర్సులోకి పోతుంది. బ్యాంకు మెసేజ్‌లన్నీ ఆ సిమ్‌కే. గడువు మొదలయ్యేది కూడా ఆ మెసేజ్‌లతోనే. ఆర్నెల్ల తర్వాత శంషాబాద్‌లో దిగి సిమ్ మళ్లీ వేస్తే, ఎప్పుడో పోయిన సొమ్ము తాలూకు సందేశాలు ఒకదాని వెంట ఒకటి టంగుటంగుమంటాయి. ‘అప్పుడే మెసేజ్ పంపాం కదా’ అని బ్యాంకు అంటే చెప్పడానికేముంటుంది? దానికి మందు కష్టమైందేం కాదు. రెండు సిమ్‌లు పట్టే ఫోన్లో మన సిమ్‌ను రోమింగ్‌లో ఉంచుకోవాలి. మెసేజ్‌లు మెయిల్‌కు కూడా వచ్చేలా బయల్దేరే ముందే బ్యాంకులో రాసివ్వాలి. కార్డు వెనక నంబరు దేశం బయటి నుంచి కలిసేదేనా అని ఓసారి చూసుకుని, దాన్ని ఓ కాగితం మీదా రాసుకోవాలి, కార్డు పోతే నంబరూ దాంతోపాటే పోతుంది కాబట్టి. ఫ్రెస్నోలో మధ్యాహ్నం పన్నెండయ్యిందంటే హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటింది. బ్యాంకు బ్రాంచి తలుపులు మూసి ఉంటాయి గానీ, కార్డు నిలిపేసే లైను మాత్రం ఆ వేళలోనూ ఎత్తుతారు.